ఏ వరదలో పుట్టింది

మూడుంబావుకు పళ్ళ ఎక్స్‌రే ఫిల్ము దవాఖానాలో నా బల్లమీదికి వచ్చింది. నాలుగున్నరలోపు రాసివ్వాలని, అయిదు దాటితే మేజిస్ట్రేటుగారు లేచిపోతారని కానిస్టేబుల్ హరిలాల్ గుమ్మంలో నిలబడి రెండుసార్లు చెప్పి, బయట బెంచీమీద కూర్చున్నాడు. తలుపు దగ్గరికి వేశాను. గోడకున్న లైటు పెట్టె స్విచ్చి వేస్తే రెండుసార్లు కొట్టుకుని తర్వాత నిలకడగా వెలిగింది. ఫిల్ము దానికి తగిలించాను. ఈ చెవి దగ్గర మొదలై ఆ చెవిదాకా పరుచుకున్న దవడ, పై వరసా కింది వరసా, నల్లటి ఫిల్ముమీద తెల్లగా పళ్ళు. పేరు గోరి. తండ్రి గోప్యా. టేకులపల్లి అవతల అడవి అంచున తండా. వెంట వచ్చిన కాగితంలో వయసు అని ఉన్న గడిలో పోలీసులు ఇరవై అని రాసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టి, మళ్ళీ దాన్ని కొట్టేశారు. ఎక్స్‌రే సెంటరు వాళ్ళు మాత్రం వయసు గడి ఖాళీగా వదిలేశారు. అది నింపేందుకే కదా నా దగ్గరికి పంపింది. జూలై నెల, వాన వచ్చేటట్టే ఉంది, రావడం లేదు. ఫ్యాను తిరుగుతోంది. ఉక్కగా ఉందో లేదో నాకు తెలియడం లేదు. జనవరిలో అమ్మ పోయినప్పటి నుంచి ఇలాగే ఉంది, చలీ వేడీ అన్నీ పక్కింట్లో జరుగుతున్నట్టు. పన్ను తీయడానికి ముందు మత్తు ఇంజక్షను ఇస్తే మనుషులు వేలితో పెదవిని నొక్కి చూసుకుంటారు, ఇది నాదేనా అన్నట్టు. నేను నొక్కి చూసుకోవడం కూడా మానేశాను.

పిల్ల తల్లికి తెలిసింది ఒక్కటే, గోరి గోదారి వచ్చిన యేడు పుట్టిందని. కోర్టులో అదే చెప్పిందట. గోదారి ఎనభై ఆరులోనూ వచ్చింది, తొంభైలోనూ వచ్చింది. రెండుసార్లూ ఆగస్టులోనే, రెండుసార్లూ ఆ తల్లీ తండ్రీ నాట్లకని గోదారి ఒడ్డు ఊళ్ళకు వలస పోయి ఉన్నారు. ఎనభై ఆరా అంటే తల ఊపింది, తొంభయ్యా అంటే దానికీ ఊపింది. అంకెలు తెలియని మనిషి. ఎనభై ఆరు అయితే పిల్లకు వచ్చే నెలకు ఇరవై నిండుతాయి, హత్యాయత్నం కేసు, జైలు. తొంభై అయితే పదహారు, పిల్లల హోము, కొన్నాళ్ళకు తల్లి దగ్గరికి. మధ్యలో ఇంకేమీ లేదు. ఏ వరదలో పుట్టిందో పళ్ళు చూసి చెప్పమన్నారు.

పళ్ళకు తారీఖులు తెలియవు. వాటికి తెలిసింది వరస. ఆరేళ్ళకు ఏది, పన్నెండేళ్ళకు ఏది, అన్నిటికన్నా వెనక దవడ మూలలో వచ్చే జ్ఞానదంతం ఎప్పుడు, అంతే. ముందు చిగుళ్ళ లోపల పంటి తల తయారవుతుంది, తర్వాత దాని వేరు కిందికి దిగుతుంది, ఏళ్ళ తరబడి దిగి దిగి ఆఖరున కొస మూసుకుంటుంది. ఇరవై ఏళ్ళ మనిషికి ఆ వేరు దాదాపు పూర్తిగా దిగి ఉంటుంది. పదహారేళ్ళ పిల్లకు ఇంకా చాలా మిగిలి ఉంటుంది. ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ అవుతుంది, ఆ ఒకటి రెండేళ్ళ దగ్గరే డాక్టర్లం తప్పించుకుంటాం. పొద్దున ఎముకల డాక్టరు మణికట్టు ఎక్స్‌రే చూసి పదహారు నుంచి ఇరవై లోపు అని రాసి, సంతకం పెట్టి, భోజనానికి వెళ్ళిపోయాడు. ఆయన తప్పేమీ రాయలేదు. ఆ మాటను ఎవరూ తప్పుబట్టలేరు, ఎందుకంటే అందులో రెండు వరదలూ ఉన్నాయి. నేను కూడా అదే మాట దింపితే సరిపోతుంది. అప్పుడు కాగితాల్లో ఏముందో కోర్టు చూస్తుంది. కాగితాల్లో సబ్‌సెంటరు నర్సమ్మ రిజిస్టరు ఉంది, గోరి, తండ్రి గోప్యా, ఎనభై ఆరు ఆగస్టు. దాని నకలు కూడా హరిలాల్ తెచ్చి నా బల్లమీద పెట్టాడు. నీలం ఇంకు, గుండ్రటి అక్షరాలు. నర్సమ్మ శ్రద్ధగా రాసింది.

పొద్దున పదకొండింటికి పిల్లను తీసుకొచ్చారు. ఆడ కానిస్టేబులు చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. సన్నటి మనిషి. సన్నగా ఉండటం వయసుకు సాక్ష్యం కాదు, అడవి ఊళ్ళ నుంచి మా దగ్గరికి వచ్చే ముప్పై ఏళ్ళ ఆడవాళ్ళూ అలాగే ఉంటారు. కాళ్ళకు చెప్పులు లేవు, మడమలు పగిలి ఉన్నాయి, అవీ సాక్ష్యం కావు. కుర్చీ వెనక్కి వాలుతుంటే రెండు చేతులతో పక్కలు గట్టిగా పట్టుకుంది. నోరు తెరువమ్మా అన్నాను. తెరవలేదు. నెత్తిమీది లైటువైపు చూస్తూ, నన్ను కాదన్నట్టు అడిగింది.

"అమ్మా, ఆయన కన్ను వచ్చిందా?"

ఎవరి కన్ను అని నేను అడగనక్కర లేకపోయింది.

"లేదు," అన్నాను.

"నేనే ఏసిన. ట్రాక్టరుకు ఏసిన. మొలకల మీదికెళ్ళి తోలుతుండ్రు. ఆయన అడ్డమొచ్చిండు."

"ఏయ్, గవన్నీ ఈడ చెప్పకు. నోరు తెరువు జల్దీ," అంది ఆడ కానిస్టేబులు.

తెరిచింది. శుభ్రమైన నోరు. జొన్నరొట్టె నమిలే నోరు, పుచ్చు ఒక్కటి లేదు. ఇరవై ఎనిమిది పళ్ళు, వెనక దవడ పళ్ళ మొనలు ఇంకా అరగలేదు. వాటి వెనక చిగురు చదునుగా ఉంది, వేలు పెట్టి నొక్కితే ఏమీ తగల్లేదు. ఇరవై ఏళ్ళ వాళ్ళలో కూడా కొందరికి అక్కడ ఏమీ తగలదు. రాసుకున్నాను. పిల్ల నా వేలిని కొరకలేదు, ఉలిక్కిపడలేదు. లేచేటప్పుడు చీరకొంగుతో మూతి తుడుచుకుంది. చీర తల్లిది కావచ్చు, కుచ్చిళ్ళు నాలుగు ఎక్కువ పోసి దోపుకుంది.

కన్ను పోయినాయన పర్వేజ్ భాయ్. అడవి శాఖలో బీట్ ఆఫీసరు. ఖానాపురం హవేలిలో మేముండేది పైవాటా, వాళ్ళుండేది కిందివాటా. నాలుగేళ్ళ నుంచి ఒకే గేటు, ఒకే నీళ్ళ మోటారు. జూన్ ఆఖరులో పోడు భూముల్లో మొలకలు తీయించేందుకు ట్రాక్టర్లతో వెళ్ళినవాళ్ళలో ఆయనా ఒకడు. తండా అంతా అడ్డం వచ్చింది. అటునుంచి రాళ్ళు, ఇటునుంచి లాఠీలు. ఒక రాయి పర్వేజ్ భాయ్ ఎడమ కంటికి తగిలింది. హైదరాబాదుకు తీసుకెళ్ళారు, వారం ఉంచి, కన్ను తీసేసి పంపారు. ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాడు. మంచినీళ్ళ గ్లాసు కోసం తల మొత్తం తిప్పి వెతుక్కుంటున్నాడు. మెట్లు ఎక్కుతూ దిగుతూ కిటికీలోంచి నాకు కనిపిస్తుంది. చూసి, చూసినట్టు గుర్తుపెట్టుకుని, వెళ్ళిపోతుంటాను. ఆయన భార్య జహీదా. జనవరిలో అమ్మ పోయినప్పుడు చర్చి నుంచి జనం వచ్చారు, పాట పాడారు, మధ్యాహ్నానికి వెళ్ళిపోయారు. జహీదా మూడు రోజులు పైకీ కిందికీ తిరిగింది. అన్నం వండి తెచ్చింది, గిన్నెలు కడిగింది, అమ్మ మంచాన్ని ఒక్కతే బయటికి లాగి ఎండలో వేసింది. మూడో రోజు నా తల దువ్వింది. ముప్పై ఒక్క ఏళ్ళ డాక్టరు తలను ఇంకొకరు దువ్వడం ఏమిటని నాకు అనిపించలేదు. దువ్వెన తలకు తగిలినట్టు కూడా అనిపించలేదు. ఆమె మాత్రం దువ్వుతూ ఏడ్చింది, నా బదులు.

ఈ కేసు నా దగ్గరికే వస్తుందని ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. ఇవాళ పొద్దున నేను గేటు తీస్తుంటే వచ్చి నిలబడింది. చేతికి పిండి ఉంది.

"అక్సా, నేను అబద్ధం రాయమంటలేను."

"తెలుసు," అన్నాను.

"నర్సమ్మ బుక్కుల ఎనభై ఆరు అని ఉన్నదంట గద. ఇంక పళ్ళు చూసుడేంది? ఆయనకు ముప్పై ఎనిమిదేండ్లు. ఇంకెన్నేండ్లు గట్ల తల తిప్పుకుంట బతకాలె? రేపు కోర్టుల చిన్నపిల్ల, తెల్వక ఏసింది అంటే, అయిపాయె. ఇగ ఎవ్వరూ ఏం చేయనట్టే అయితది."

షేర్ ఆటో వచ్చింది, ఎక్కాను. వెనక్కి తిరిగి చూస్తే ఆమె ఇంకా గేటు పట్టుకునే ఉంది, గేటుకు పిండి అంటింది. అది తుడవాలని నాకు తట్టింది. మిగతా ఏమీ తట్టలేదు. కలెక్టరేటు దగ్గర ఇద్దరు దిగారు, ముగ్గురు ఎక్కారు, ఎవరి మోచెయ్యో నా పక్కటెముకల్లో గుచ్చుకుంటూ వచ్చింది. ఆమె చెప్పింది నిజమే కదా అనుకున్నాను. ఒక కన్ను పోయింది. ఎవరో ఒకరు ఏదో ఒకటి అనుభవించాలి. ఎవరూ ఏమీ అనుభవించకుండా ఒక కన్ను పోవడమంటే ఆ కన్ను ఎవరిదీ కానట్టు.

ఎనభై ఆరు. అప్పుడు నాకు పదకొండు. భద్రాచలంలో ఉండేవాళ్ళం. మా నాన్న పేరు మార్కు, మిషను దవాఖానాలో కాంపౌండరు. నీళ్ళు వస్తాయని మైకులో చెప్పారు, ఏటా చెబుతారులే అని అమ్మ పప్పు పొయ్యిమీద పెట్టింది. పప్పు ఉడకకముందే నీళ్ళు వీధిలోకి వచ్చాయి. పప్పుగిన్నెతో సహా గుట్టమీది బడికి వెళ్ళాం. ఆ పప్పు ఏమైందో నాకు గుర్తులేదు, గిన్నె గుర్తుంది, పసుపుపచ్చ అంచు. రాత్రీ పగలూ ఒకటే చప్పుడు, కింద ఊరు లేదు, ఇళ్ళ కప్పులు, కప్పులమీద కోళ్ళు. ఆ కప్పులకు అవతల ఏదో ఒడ్డున నాట్లకొచ్చిన కూలీల్లో ఒకామె ఒక గోరిని కంటూ ఉండొచ్చు. అప్పుడు కాకపోతే నాలుగేళ్ళ తర్వాత. మా చెల్లెలు దీవెనకు ఏడేళ్ళు. నీళ్ళు దాన్ని ముట్టుకోలేదు. నీళ్ళు తీసిన తర్వాత, అయిదో రోజు, వాంతులు మొదలయ్యాయి, ఆ తర్వాత విరేచనాలు. బడిలో ఇంకా ఇరవైమందికి అవే. నాన్న దగ్గర ఉన్న సెలైను సీసాలు ముందు వచ్చినవాళ్ళకు పెట్టేశాడు. మాది వెనకగది, దీవెన దాకా వచ్చేసరికి సీసాలు అయిపోయాయి. స్మశానం నీళ్ళలో ఉంది, గుట్ట వాలున పూడ్చారు. తర్వాత వెతికితే ఆ చోటు దొరకలేదు, వాలు మొత్తం జారిపోయి ఉంది. దాని మొహం నాకు గుర్తురాదు. ఎంత గుర్తుచేసుకున్నా రాదు. ముందు పళ్ళు గుర్తున్నాయి. పైన రెండు కొత్తగా వచ్చాయి, సగం దిగాయి, అంచు రంపంలా మూడు మొనలుగా ఉంది. కొత్తగా వచ్చిన ముందు పళ్ళకు ఆ మొనలు ఉంటాయని, నాలుగైదేళ్ళు కొరికి తింటే అరిగిపోతాయని తర్వాత కాలేజీలో చదువుకున్నాను. చదివిన రోజు పుస్తకం మూసి మెస్సుకు వెళ్ళి భోజనం చేశాను. పెరుగన్నం కూడా తిన్నాను. ఏమీ కాలేదు.

అమ్మ పేరు సవరమ్మ. ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో ఆమె నోట దీవెన అన్న మాట రాలేదు. ప్రార్థన చివర పాస్టరుగారు దేవుని దీవెనలు అన్నప్పుడు కూడా ఆ ఒక్కమాట పలకకుండా ఆమేన్ అనేది. పోయిన జనవరిలో, చివరి రెండు రోజులూ, నన్ను చూసి దీవెనా అని పిలిచింది. నేను పలికాను. నీళ్ళు కావాలా అన్నాను, కాళ్ళు నొక్కనా అన్నాను. దీవెనా, అక్క బడినుంచి వచ్చిందా అని అడిగింది. వచ్చిందమ్మా అన్నాను. అదే మా ఆఖరి మాట. నేను చెల్లెలినై, అక్క ఇంటికి వచ్చిందని చెప్పాను. ఆమె కళ్ళు మూసుకుంది. ఆ రోజు నుంచే అనుకుంటా, దేనిమీద చెయ్యి వేసినా చేతికి తొడుగు ఉన్నట్టే ఉంటుంది, తొడుగు తీసేసిన తర్వాత కూడా.

మూడు నలభై అయిదు. తలుపు సందులోంచి హరిలాల్ చూసి వెళ్ళాడు. ఇంతసేపూ ఫిల్ము మధ్యభాగాన్నే చూస్తున్నాను, ముందు పళ్ళ దగ్గర, అక్కడ ఈ కేసుకు సంబంధించింది ఏదీ లేదు. మూలలకు జరగాలి. కింద ఎడమ మూల. జ్ఞానదంతం ఉంది, దవడ ఎముకలో పడుకుని ఉంది. తల పూర్తయింది. తల కింద రెండు చిన్న పొట్టి గోడల్లా వేరు మొదలై, ఆగి, కింద వెడల్పుగా తెరుచుకుని ఉంది. కింద కుడి మూల. అలాగే. పైన రెండూ కొంచెం మసకగా ఉన్నాయి, భూతద్దం పెట్టాను, అవీ అంతే. స్కేలు పెట్టి కొలిచాను. మళ్ళీ కొలిచాను. వేరు మూడోవంతు దిగింది, అది కూడా కష్టంమీద. ఇరవై ఏళ్ళ మనిషికి ఇలా ఉండటం నేను చూడలేదు. ఎక్కడా చదవలేదు. దాని పక్కన ఉన్న రెండో దవడ పంటి వేర్ల కొసలు మూసుకుని ఎక్కువ కాలం కాలేదు, కొస చుట్టూ ఇంకా సన్నటి నల్లగీత ఉంది. పదిహేను, పదహారు. ఎంత లాగినా పదిహేడు.

ఓపీ చీటీ ఒకటి తిరగేసి వెనకవైపు రాసి చూశాను, పదహారు నుంచి ఇరవై లోపు. చూడటానికి బాగానే ఉంది. ఎముకల డాక్టరు మాటకు నా మాట ఆనుకుని నిలబడుతుంది. రిజిస్టరుతో గొడవ లేదు. చిన్నపిల్ల అని రాయలేదని జహీదాతో చెప్పుకోవచ్చు, పెద్దది అనీ రాయలేదు. సాయంత్రం గేటు తీసుకుని మెట్లెక్కి పైకి వెళ్ళి అన్నం వండుకోవచ్చు. ఎవరికీ ఏ జవాబూ చెప్పక్కర లేదు. ఇన్ని నెలల నుంచి నేను బతుకుతున్నది ఇలాంటి వాక్యంలోనే కదా. చీటీని చాలాసేపు చూశాను. నాకు ధైర్యం ఏమీ రాలేదు. ఆ పిల్లమీద జాలి వచ్చిందా అంటే అదీ రాలేదు, లేదా వచ్చి ఉంటే నాకు తెలియలేదు. పర్వేజ్ భాయ్ కన్ను గుర్తొచ్చింది, గేటుకంటిన పిండి గుర్తొచ్చింది. మళ్ళీ ఫిల్ము చూశాను. వేరు అక్కడ లేదు. అంతే సంగతి. లేని వేరు ఉండొచ్చేమో అని నా చేత్తో ఎలా రాయను? చీటీ నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాను.

ఫారం తీసి ఇంగ్లీషులో రాయడం మొదలుపెట్టాను. నాలుగు జ్ఞానదంతాలూ ఉన్నాయి. వేర్లు మూడోవంతుకు మించలేదు. కొసలు తెరుచుకుని ఉన్నాయి. వయసు పదిహేను దాటి, పదిహేడు లోపు. పద్దెనిమిది నిండి ఉండే అవకాశం నాకు కనిపించలేదు. అక్కడ కలం ఆగింది. రిజిస్టరు నకలు ఎదురుగా ఉంది, గుండ్రటి అక్షరాలు. ఆ నర్సమ్మ అబద్ధం ఎందుకు రాస్తుంది? తప్పు రాయాలన్నా నాలుగేళ్ళు ముందుగా, పుట్టని పిల్ల పేరు ఎలా రాస్తుంది? పంటికీ కాగితానికీ మధ్య ఏదో ఉంది, నాకు తెలియనిది. తెలియనిది ఉన్నా పన్ను పన్నే. ఇంకో వాక్యం చేర్చాను, నాకు చూపించిన రిజిస్టరులోని పుట్టిన తేదీకి ఈ పళ్ళు సరిపోవు. సంతకం పెట్టి, తారీఖు వేసి, ముద్ర కొట్టాను. ముద్ర పాలిపోయి పడితే ఇంకు అద్ది మళ్ళీ కొట్టాను.

తలుపు తీసేసరికి హరిలాల్ లేచి నిలబడ్డాడు. బెంచీ పక్కన నేలమీద పిల్ల తల్లి కూర్చుని ఉంది, ఒళ్ళో గుడ్డమూట. పేరు ద్వాలి అని పొద్దున చెప్పాడు. మొగుడు గోప్యా కూడా ఇదే కేసులో లోపల ఉన్నాడట. పిల్లను అప్పటికే జీపులో కూర్చోబెట్టారు.

"ఎంత రాసిండ్రు మేడం?"

"పదహారు. ఒకేడు అటో ఇటో."

కాగితం అందుకుని కాసేపు దాన్నే చూశాడు. హరిలాల్‌దీ తండానే, బయ్యారం వైపు. తల్లివైపు వంగి వాళ్ళ భాషలో రెండు మాటలు చెప్పాడు. ద్వాలి నాకేసి చూసింది. సంతోషం కనిపించలేదు, ఆశ్చర్యం కూడా లేదు. తెలుగులో, నాకోసం నెమ్మదిగా అంది.

"అవ్. గిది చిన్న గోరి."

"చిన్న గోరి అంటే?"

"పెద్ద గోరి మొదటి గోదారప్పుడు పుట్టింది. గా నర్సమ్మ బుక్కుల ఉన్నది గదే. రెండేండ్లకు జరమొచ్చి పోయింది. మల్ల గోదారొచ్చినప్పుడు ఇది పుట్టింది. పోయిందే మల్లొచ్చింది, గదే పేరు పెట్టు అన్నది మా అత్త. పెట్టిన."

హరిలాల్ కాగితం మడవబోయి ఆగాడు. "గీ సంగతి స్టేషన్ల ఎందుకు చెప్పలేదు యాడీ?" అన్నాడు. యాడీ అంటే వాళ్ళ భాషలో అమ్మ అని నాకు తెలుసు.

"మీరు బుక్కు చూపిచ్చిండ్రు. గోరి అప్పుడు పుట్టిందా అన్నరు. పుట్టింది గద. ఏ గోరి అని ఎవ్వరు అడిగిండ్రు?"

నేను గోడకు ఆనుకున్నాను. వరండాలో జనం నడుస్తున్నారు, ఎవరో స్ట్రెచరు తోసుకుపోతున్నారు. పద్దెనిమిదేళ్ళుగా లేని పిల్లను ఇరవై ఏళ్ళదాన్ని చేసి జైలుకు పంపబోయారు, తల్లి అవ్ అంది. తల్లికి అది అబద్ధం కాదు. ఆ పిల్లకు కూడా ఏటా ఒక యేడు కలుపుకుంటూనే ఉండి ఉంటుంది. నేను కూడా కలుపుతాను. ఇరవై ఏడు. పోయిన మే నెలలో ఇరవై ఏడు నిండాయి దీవెనకు. ఆమె పక్కన కూర్చోవాలనిపించింది, ఈ తెల్లకోటుతో అక్కడ నేలమీద. కూర్చోలేదు. హరిలాల్‌తో, ఆమె చెప్పింది రాయించి వేలిముద్ర పెట్టించు, నా రిపోర్టుతో కలిపి ఇవ్వు అన్నాను. అట్లనే మేడం అని, మూట తను పట్టుకుని, ఆమెను లేపి తీసుకెళ్ళాడు. మెట్లు దిగేటప్పుడు ద్వాలి ఒక్కో మెట్టుమీద రెండు పాదాలూ పెట్టి దిగింది. మళ్ళీ తిరిగి చూడలేదు.

ఆరున్నరకు ఖానాపురం హవేలిలో దిగాను. గేటు దగ్గర నుంచి మెట్లకు ఎనిమిది అడుగులు. మొదటి మెట్టు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, కిందివాటా తలుపు కొట్టాను. జహీదా తీసింది. నా మొహం చూడగానే ఆమెకు తెలిసిపోయింది, అయినా అడిగింది.

"ఏమని రాసినవ్?"

"పదహారు."

"కాయితంల అట్ల లేదు గద."

"కాయితంల ఉన్నది వాళ్ళ పెద్దపిల్ల. సచ్చిపోయింది. ఇది రెండోది. దీనికి అదే పేరు పెట్టిండ్రు."

నా నోట ఆ యాస ఎప్పుడు వచ్చిందో నాకు తెలియలేదు, భద్రాచలంలో అమ్మతో మాట్లాడినట్టు వచ్చేసింది. జహీదా తలుపు రెక్క వదల్లేదు. వేస్తుందనుకున్నాను. వేస్తే వేయనీ అనుకున్నాను. ఆమె కళ్ళలో నీళ్ళు లేవు, ఆ మూడు రోజులూ నాకోసం ఖర్చుపెట్టేసిందేమో.

"ఇంటాయన కన్ను, అక్సా," అంది. "నువ్వు మా ఇంటి మనిషివి అనుకున్న."

క్షమించమని అడిగితే అది అబద్ధమవుతుంది, అడగకపోతే ఈ గుమ్మం ఇక నాది కాదు. లోపలి గదిలోంచి పర్వేజ్ భాయ్ గొంతు వినిపించింది.

"ఎవరు జహీదా? డాక్టరమ్మనా? రానీ."

ఆమె పక్కకు తప్పుకుంది, రమ్మని కాదు, దారి ఇవ్వడానికి. వెళ్ళాను. మంచంమీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, ఎడమ కంటిమీద తెల్లటి పట్టీ. కుర్చీ ఆయన ఎడమవైపు ఉంది, అందులో కూర్చోబోయాను.

"ఆడ కాదు. ఈ దిక్కు వేసుకొని కూసో. ఆడ కూసుంటే కనపడవు."

కుర్చీ ఎత్తి కుడివైపు వేసుకుని కూర్చున్నాను. ఆయన నన్ను చూశాడు. ఒక్క కన్నుతో, కొత్తగా నేర్చుకుంటున్నవాడిలా, కొంచెంసేపు నిలిపి చూశాడు.

"ఎంత రాసినవ్?"

"పదహారు, భాయ్."

తల ఊపాడు. బయట వంటింట్లో జహీదా గిన్నె ఏదో గట్టిగా పెట్టింది.

"నేను చూసిన ఆ పిల్లను," అన్నాడు గొంతు తగ్గించి. "రాయి ఎత్తినప్పుడు చూసిన. చిన్నపిల్లే. ఎస్సై వచ్చి అడిగితే ఆడమనిషి, పెద్దామె అని చెప్పిన. ఇరవై ఏండ్లు నౌకరీ చేసి చిన్నపిల్ల చేతిల దెబ్బ తిన్న అని చెప్పబుద్ధి కాలే." ఆగి, వంటింటివైపు తల మొత్తం తిప్పి చూసి, మళ్ళీ నావైపు తిప్పుకున్నాడు. "జహీదాకు కూడ గట్లనే చెప్పిన. ఆమెను తప్పు పట్టకు."

"పట్టను."

"నేనే చెప్పాలె ఆమెకు."

"అవ్ భాయ్."

వాన మొదలైంది, రేకుల మీద చప్పుడు. ఆయనకు పట్టీ కింద దురద పెడుతున్నట్టుంది, చెయ్యి అక్కడిదాకా వెళ్ళి ఆగి కిందికి దిగింది. నొప్పిగా ఉందా అని అడిగాను. నేను రోజుకు ముప్పైమందిని అడిగే మాటే అది. ఆయన ఉన్నదీ లేనిదీ చూసుకుంటున్నట్టు కూర్చున్నాడు. నా చేతులు కుర్చీ చేతులమీద ఉన్నాయి, అవి అరచేతులకు చల్లగా తగిలాయి. కిటికీలోంచి వాన తుంపర పడుతోంది. జహీదా వచ్చి గుమ్మంలో నిలబడింది. టీ తేలేదు. వెళ్ళిపొమ్మని కూడా అనలేదు.

"జహీదా, ఇటు రా. గీడ కూసో," అన్నాడు ఆయన. "నీకో మాట చెప్పాలె."